తొమ్మిదో క్లిప్పు

మార్చి 5, బుధవారం

పని రిజిస్టరును తిరగేసి వెనకవైపు నుంచి రాస్తున్నాను. ముందువైపు బళ్ళ సంగతి, వెనకవైపు నా సంగతి. దీన్ని నేను తప్ప ఎవరూ ముట్టుకోరు. గ్రీజు మరకలు చూసి మా ఆవిడ ఆమడ దూరంలో ఉంటుంది.

బావమరిది పోయి ఇవాళ్టికి పదమూడు రోజులు. ఉన్నది ఉన్నట్టు ఒకచోట రాసి పెట్టుకుంటే తల కాస్త తేలికపడుతుందేమోనని ఈ ప్రయత్నం.

ఫిబ్రవరి 16, ఆదివారం. వాడి బ్రెడ్డు వ్యాను షెడ్డుకు వచ్చింది. పాత బండి. నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకటే లైను, ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చాను. నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు పైపులోంచి గాలి తీశాను. పైపుకు తొమ్మిది క్లిప్పులు. తొమ్మిదీ తీసి చూశాను. ముందు పేజీల్లో అలాగే రాసి ఉంది. నా చేతిరాతే.

ఫిబ్రవరి 20, గురువారం, పొద్దున్న ఏడింటికి దిగుడు రోడ్డు చివర గోడౌను గోడకు గుద్దుకున్నాడు. అక్కడికక్కడే పోయాడు. ముప్పై ఒకటి నిండలేదు.

ఇంతే. ఇంతకుమించి నాకేం తెలియదు.

మార్చి 7, శుక్రవారం

షెడ్డు తీశాను. ఒక పెద్దాయన కారు తెచ్చాడు. బ్రేకు వేస్తే బండి పక్కకు లాగుతోందట. కిందకి వంగి పైపు చూసి, "నిగనిగలాడుతోంది కదా మాస్టారూ, దీనికేం రోగం?" అన్నాడు.

ఈ మాట ఎవరన్నా ఊరుకునేవాణ్ణి కాదు నేను. కనిపించేచోట పైపు ఎప్పుడూ బాగానే ఉంటుందండీ, దాన్ని బండి అడుగుకు పట్టి ఉంచే క్లిప్పు ఉంది చూశారా, దాని కింద చూడాలి, నీళ్ళూ బురదా చేరి తుప్పు తినేది అక్కడే, అని మొదలుపెడితే వచ్చినవాడు పారిపోయేదాకా వదిలేవాణ్ణి కాదు. అలా చెప్పీ చెప్పీ క్లిప్పుల మాస్టారు అనే పేరు పడిపోయింది. నా అసలు పేరు నాకే గుర్తు తెచ్చుకోవాల్సిన పరిస్థితి.

ఇవాళ నోరు పెగల్లేదు. క్లిప్పులు తీశాను, చూశాను, పంపించేశాను.

మార్చి 9, ఆదివారం

పొద్దున్న టీ తెచ్చి ఎదురుగా పెట్టి, కూర్చోకుండా నిలబడింది మా ఆవిడ. "మీకో మాట చెప్పాలి. తిట్టకండి," అంది. తిట్టించుకోవడానికే వచ్చినట్టు ఉంది మొహం.

దీన్ని ఎక్కడినుంచి రాయాలో తెలియడం లేదు. పెడల్ దగ్గరనుంచి రాస్తాను.

బ్రేకు పైపులోంచి గాలి తీయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ నొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర పడుకుని చిన్న నట్టు తిప్పాలి. ఇరవై రెండేళ్ళుగా సీట్లో తనే, చక్రం దగ్గర నేనే. "నొక్కు" అంటాను. "పట్టుకున్నా" అంటుంది. నేను నట్టు వదులు చేస్తాను, ఆయిలూ బుడగలూ గొట్టంలోంచి సీసాలోకి వస్తాయి. నట్టు బిగించి "వదులు" అంటాను. అప్పుడు కాలు తీస్తుంది. నేను అనకముందే తీసిందంటే బయటి గాలి లోపలికి పోతుంది, చేసిన పనంతా నీళ్ళపాలు. ఇంట్లో ఎంత గొడవ పడి ఉన్నా, మూతులు ముడుచుకుని మూడు రోజులు మాట్లాడుకోకపోయినా, ఈ మూడు మాటలు మాత్రం ఆగలేదు. బావమరిది అనేవాడు, "మీరిద్దరూ కాపురం చేసేదంతా ఆ బండి కిందే బావా, ఇల్లు ఎందుకు కట్టుకున్నట్టు?" అని.

మాకు పిల్లలు లేరు. వాడికి తొమ్మిదేళ్ళప్పుడు తను మా ఇంటికి తెచ్చుకుంది. తమ్ముడని పేరేగానీ...

తను చెప్పింది ఇది. "ఆ ఆదివారం మీరు వెనక చక్రం దగ్గర ఉన్నారు. వాడు కిటికీ దగ్గర నిలబడి మీ గొంతు పెట్టి, క్లిప్పు తీశారా, క్లిప్పు తీశారా, అంటున్నాడు. నవ్వాపుకోలేకపోయాను. కాలు లేచిపోయింది. మీరింకా వదులు అనలేదు. చెప్పొద్దని వాడు సైగ చేశాడు. ఇద్దరం నోళ్ళు మూసుకుని నవ్వుకున్నాం. గాలి లోపలే ఉండిపోయింది కదా? నేనే కదా?"

నేను చెప్పాల్సింది ఇది. పిచ్చిదానా, నువ్వు కాలు తీసిన సంగతి నాకు అప్పుడే తెలిసింది, గొట్టంలో బుడగ వెనక్కి పోవడం చూశాను. అందుకే ఇంకో రెండు సార్లు నొక్కించాను, నువ్వే నొక్కావు. చివరికి పెడల్ రాయిలా గట్టిగా ఉంది. వాడూ నేనూ ఎక్కి మూడు చుట్లు తిరిగి చూశాం కూడా.

నేను అన్నది ఇది. "పోనీలే. జరిగిందేదో జరిగింది."

క్షమించేశానని అనుకుంది. నా చేతులు పట్టుకుని ఏడ్చింది. చేతులు వెనక్కి తీసుకోవాలనిపించింది, తీసుకోలేదు.

మార్చి 10

చెప్తాను. గాలి వల్ల కాదని ఒక్క ముక్క చెప్తే చాలు. రేపు.

మార్చి 11

ఇవాళ బళ్ళు ఎక్కువ వచ్చాయి.

మార్చి 15, శనివారం

గాలి వల్ల కాదంటే, మరి దేనివల్ల అని అడుగుతుంది. అక్కడ ఆగిపోతున్నాను.

ఆయిల్ మార్చాను. గాలి తీశాను. తొమ్మిది క్లిప్పులు తీసి చూశాను. ఏం లోపం చేశానని?

మా ఆవిడ వంటింట్లో గోడ పట్టుకుని నడుస్తోంది. ఏమైందంటే, "కుడికాలు తిమ్మిరెక్కుతోంది, అదే పోతుందిలెండి" అంది. కూర్చున్నప్పుడు ఆ కాలు మడిచి కిందకి దాచేసుకుంటోంది.

మార్చి 28, శుక్రవారం

పోలీసులు వ్యాను తెచ్చి షెడ్డులో దించి పోయారు. బావమరిది భార్య తన ఇంటి ముందు వద్దంది. ఆ అమ్మాయి నాకు చెల్లెలి వరుస. కళ్ళెత్తి చూడకుండా, "అన్నయ్యా, అది నా కంటపడకుండా మీ దగ్గరే ఉంచుకోండి" అంది. నా కంటపడొచ్చు కాబోలు.

బండిని పరీక్షించిన ఇన్‌స్పెక్టరు కాగితం కూడా ఇచ్చాడు. ఎడమవైపు ముందుభాగం లోపలికి పోయింది. ఎడమ ముందు చక్రం దగ్గర బ్రేకు పైపు తెగి ఉంది. ఆయిల్ డబ్బాలో చుక్క లేదు. కారణం అన్నచోట "పాత బండి" అని రాశాడు. ఎంత సుఖమైన ఉద్యోగం.

హ్యాండ్ బ్రేకు చివరిదాకా లాగి ఉందని కూడా రాశాడు. అంటే వాడు పెడల్ నొక్కాడు, ఖాళీగా నేలకి తగిలింది, అప్పుడు చేత్తో లాగాడు. రెండోసారి చదవలేకపోయాను. మా ఆవిడ అడిగితే ఆ ఒక్క వాక్యం వదిలేసి చదివి వినిపించాను.

ముందు చక్రం పైపు తెగి ఉంది, అని కాగితమే చెప్తోంది. సరిపోయింది. అక్కడినుంచే ఆయిల్ పోయి ఉంటుంది.

గోడకు గుద్దుకున్నాక తెగింది కదా అది? గుద్దుకోకముందే బ్రేకు ఎలా పోయింది?

టార్పాలిన్ కప్పి నాలుగు మూలలా ఇటుకలు పెట్టాను.

ఏప్రిల్ 6, ఆదివారం

డాక్టరు తన కాలును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, మోకాలి మీద సుత్తితో కొట్టాడు. ఎముక బాగుంది, నరం బాగుంది అన్నాడు. "మనసులో ఏదైనా బాధ ఉందా అమ్మా?" అని అడిగాడు. తను నావైపు చూసింది. నేను గోడమీద కళ్ళ పరీక్ష అక్షరాలు చదువుతున్నాను, కింది వరసదాకా చదివేశాను.

వచ్చేదారిలో, "కాలు మీద బరువు వేస్తే పెడల్ మీద వేసినట్టే ఉంటోందండీ. లేస్తుందేమోనని భయం," అంది.

దీనికి మందు నా దగ్గర ఉంది. డాక్టరు దగ్గర లేదు.

ఏప్రిల్ 7

చెప్పలేదు.

ఏప్రిల్ 8

వర్షం. చెప్పలేదు.

ఏప్రిల్ 19, శనివారం

గాలి తీయడానికి మనిషి లేక నానా తంటాలు. తను షెడ్డు గడప తొక్కడం మానేసింది. ఇన్నాళ్ళూ పెడల్‌కీ సీటుకీ మధ్య కర్ర దూర్చి నెట్టుకొస్తున్నాను. కర్ర "పట్టుకున్నా" అనదు.

ఇవాళ రిటైరైన బస్సు డ్రైవరు తన పాత కారు తెచ్చి, "నేను నొక్కుతా కదా, చెల్లెమ్మ దగ్గర నేర్చుకోవాలా నేను!" అంటూ సీటెక్కాడు. ముప్పై ఏళ్ళు బ్రేకు నొక్కి పెన్షన్ తీసుకుంటున్న మనిషికి బ్రేకు నొక్కడం నేర్పలేక చచ్చాను. నొక్కు అంటే టకటకా ఐదుసార్లు నొక్కుతాడు. పట్టుకో అంటే స్టీరింగ్ పట్టుకుంటాడు. వదులు అన్నాక ఆగి, "మొత్తం వదలాలా, కొంచెమా?" అని అడుగుతాడు. రెండు నెలల్లో మొదటిసారి నవ్వాను. బండి కింద పడుకుని ఒక్కణ్ణే నవ్వాను.

పోతూ పోతూ టార్పాలిన్ వైపు చూసి ఆగాడు. "పాపం, దాన్ని కూడా నువ్వే చూశావు కదా మాస్టారూ. క్లిప్పులన్నీ తీసే ఉంటావు. నీ చేతిలో పడ్డాక ఇంక చెప్పాలా! ఏదో రాసిపెట్టి ఉంది, అంతే," అన్నాడు.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తీశాను అన్నాను. ఎనిమిది తీశాను అని లోపల ఎవరో అన్నారు.

తొమ్మిదోది కూడా తీసినట్టే. చేత్తో తడిమి చూశాను. గట్టిగానే ఉంది.

మే 2, శుక్రవారం

మరదలితో మాట్లాడాలి, తీసుకెళ్ళమని మా ఆవిడ అడిగింది. బావమరిది ఇంటి ముందు కారు ఆపాను. నేను దిగలేదు, ఇంజను కూడా ఆపలేదు. తను కర్ర పట్టుకుని మెట్లెక్కింది. ఈ వారం నుంచి కర్ర లేనిదే అడుగు పడటం లేదు.

ఏం మాట్లాడుతుందో నాకు తెలుసు. తెలియదని రాయబోయి ఆగాను. తెలుసు.

లోపలికి కూడా వెళ్ళలేదు. వాకిట్లో నిలబడే చెప్పింది. అద్దం దించి లేదు కాబట్టి మాటలు వినపడలేదు, చెయ్యి మాత్రం కనపడింది, కుడికాలు చూపిస్తోంది. ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి మొత్తం విన్నది. వదినా వదినా అని తన వెనకాలే తిరిగిన పిల్ల. తర్వాత తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వేయలేదు. మెల్లిగా వేసింది.

తిరిగొచ్చి కారులో కూర్చుని, "చెప్పేశానండీ. ఇంక వాళ్ళింటికి నేను వెళ్ళకూడదు," అంది. ఎర్ర దీపం దగ్గర నేను బ్రేకు వేసినప్పుడు తన కుడికాలు కూడా కదిలింది.

నేను దిగి ఉండాల్సింది. తలుపు తెరుచుకుని పది అడుగులు వేస్తే సరిపోయేది. పిరికి వెధవని.

మే 3, శనివారం

రాస్తాను. ఇక్కడైనా రాస్తాను.

తొమ్మిదోది తీయలేదు.

వెనక ఇరుసు మీద, కుడి చక్రం పక్కన ఉంటుంది అది. బోల్టు తల అరిగిపోయి స్పానర్ జారిపోతోంది. ఉలి పెట్టి కొట్టి తీయాలి, కొత్త బోల్టు వెతకాలి. గంట పని అనుకున్నాను. మధ్యాహ్నం రెండు దాటింది. వాడు వంగి, "ఇంక చాలు బావా, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. అక్క వండినవన్నీ చల్లారిపోతాయి. వచ్చే ఆదివారం తీద్దాంలే," అన్నాడు. నాకూ ఆకలిగా ఉంది. పరాయివాడి బండైతే చచ్చినా వదిలేవాణ్ణి కాదు. మనింటి బండే కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. గుడ్డతో పైపు తుడిచాను. కనిపించేచోట బాగానే ఉంది.

చేతులు కడుక్కుని రిజిస్టరులో ఎప్పుడూ రాసే వాక్యమే రాశాను. తొమ్మిది క్లిప్పులు తీసి చూశాను. అబద్ధం రాస్తున్నానని కూడా అనిపించలేదు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

ఆ రోజు భోజనాల దగ్గర వాడు మూడుసార్లు వడ్డించుకున్నాడు. నా గొంతు అనుకరిస్తూ, "పప్పు గిన్నెకు క్లిప్పు తీసి చూశారా" లాంటి అర్థంపర్థం లేని మాటలేవో అని అక్కను నవ్వించాడు. నేనూ నవ్వాను. బాగా తిన్నాం.

వచ్చే ఆదివారం రాలేదు.

అయినా పైపు అక్కడే పోయిందని నాకు ఖాయంగా తెలియదు. చూడలేదు కదా. టార్పాలిన్ ఎత్తి చూస్తే తెలుస్తుంది. బాగుండొచ్చు కూడా. బాగుంటే నా తప్పేమీ లేనట్టే.

మే 4

ఎత్తలేదు.

మే 11, ఆదివారం

ఇవాళ స్నానాల గదిలో పడింది. లేపబోతే, "దాన్ని పట్టుకోకండి" అంది. దాన్ని అంటే కాలిని. చెడిపోయిన సామానును అన్నట్టు అంటోంది. పెచ్చులు లేచిపోయిన గోడ పక్కన ఇద్దరం కూర్చున్నాం. తల తడిసి ఉంది, తువ్వాలు ఇచ్చాను.

ఇందులో తప్పు చేసిన మనిషి ఒక్కరే ఉన్నారని నమ్ముతోంది. అది తనే అని నమ్ముతోంది. పక్కన కూర్చుని తల తుడుచుకోవడానికి తువ్వాలు ఇస్తున్నాను.

మే 23, శుక్రవారం

పాత ఇనుము వ్యాపారి వచ్చి వ్యాను చూసి వెళ్ళాడు. తనే కబురు పెట్టిందట. "దాన్ని చూస్తూ మీరెలా పనిచేస్తారండీ? మీకోసమే పిలిచాను," అంది. సోమవారం వచ్చి ముక్కలు చేసి తీసుకుపోతాడు.

నా గుండె మీదనుంచి బండ దించినట్టైంది. దాన్ని దాచను, ఇక్కడ రాస్తాను. సోమవారం దాటితే పైపు ఉండదు, క్లిప్పు ఉండదు, ఎవరూ ఎప్పటికీ ఏదీ తేల్చలేరు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. రెండు చెంచాల చక్కెర వేసుకుని టీ తాగాను.

టీ తాగుతుంటే పెరట్లో కర్ర చప్పుడు వినిపించింది. టక్, ఆగి, టక్. బట్టలు ఆరేస్తోంది. ఆ చప్పుడు ఇంక జీవితాంతం వింటాను.

మే 24, శనివారం

రేపు ఆదివారం. రేపే.

మే 25, ఆదివారం

పొద్దున్న ఎనిమిదింటికి టార్పాలిన్ తీశాను. సీటు మీద వాడి టోపీ ఇంకా ఉంది. తీసి మేకుకు తగిలించాను. ముందు చక్రం దగ్గర తెగిన పైపును బిగించి మూసేశాను, అక్కడినుంచి చుక్క కూడా పోకుండా. డబ్బా నిండా కొత్త ఆయిల్ పోశాను. వెనక భాగాన్ని జాకీ మీద ఎత్తాను. అన్నీ అయ్యాక ఇంట్లోకి వెళ్ళి, "ఒకసారి రా. పెడల్ నొక్కాలి," అన్నాను.

"ఏ బండికి?"

చెప్పాను.

అరిచి గోల పెడుతుందనుకున్నాను. లేచింది. కర్ర పట్టుకుని వచ్చింది. సీట్లోకి ఎక్కించబోతే వద్దని తనే ఎక్కింది. కుడికాలిని రెండు చేతులతో ఎత్తి పెడల్ మీద పెట్టుకుంది. "ఎందుకండీ ఇదంతా? గాలి ఎంత ఉందో చూపించడానికా?"

నేను వెనక చక్రం దగ్గర పడుకున్నాను. తొమ్మిదో క్లిప్పు నా మొహానికి జానెడు దూరంలో ఉంది. పైపు బాగానే కనిపిస్తోంది. ఆ క్షణంలో కూడా, బాగుండొచ్చు అనుకున్నాను.

"నొక్కు," అన్నాను.

క్లిప్పు కిందనుంచి ఆయిల్ చిమ్మింది. నా చెంప మీద పడింది, మెడలోకి కారింది.

"పట్టుకున్నా," అంది అలవాటుగా. వెంటనే, "ఏమండీ, ఆగట్లేదు. కిందకి పోతోంది. నేలకి తగిలింది. నేను కాలు తీయలేదు, ఒట్టు, తీయలేదు," అంది.

"తెలుసు. నువ్వు తీయలేదు. గాలి కాదు. పైపు పగిలింది. ఇక్కడ, వెనక, క్లిప్పు కింద."

మెల్లిగా, "క్లిప్పు తీయలేదా?" అంది.

"లేదు."

"తొమ్మిదీ తీశానని రాశారు కదా?"

"రాశాను."

"నేను గాలి అనుకుంటున్నది..."

"అది అప్పుడే సరిచేశాను. ఇంకో రెండుసార్లు నొక్కించాను, గుర్తులేదా? పెడల్ రాయిలా ఉంది ఆ రోజు."

బండి కిందనుంచి నాకు తన మొహం కనపడదు. ఇరవై రెండేళ్ళుగా అంతే, గొంతు ఒక్కటే వినపడుతుంది. ఆ గొంతు ఇప్పుడు వేరే మనిషిది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

నీకు అంది. పెళ్ళైన నాటినుంచి మీరు తప్ప ఇంకో మాట లేదు ఆ నోట.

"నువ్వు గాలి అని చెప్పిన రోజుకే తెలుసు."

"మరదలి వాకిట్లో నిలబడి నేను చెప్తుంటే, నువ్వు కారులో కూర్చున్నావు."

"అవును."

"ఇంజను కూడా ఆపలేదు."

చెంప మీది ఆయిల్ మోచేత్తో తుడుచుకున్నాను.

"క్లిప్పు సంగతి కాదు," అంది. "క్లిప్పు ఎవరైనా మర్చిపోతారు. వాడు కూడా తొందరపెట్టే ఉంటాడు, నాకు తెలుసు వాడి సంగతి. ఆ రోజే వచ్చి, నేను తీయలేదే, అని ఉంటే నీ తల నా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేదాన్ని. ఇద్దరం ఏడ్చేవాళ్ళం."

ఆయిల్ ఇంకా కారుతోంది. తన కాలు ఇంకా పెడల్ మీదే ఉంది, నేలకి నొక్కిపెట్టి ఉంది. నేను చెప్తేగానీ తీయదు. వదులు అనాలి నేను. నోట్లోంచి రాలేదు. ఆ మాట అంటే ఏం పోతుందో తెలిసి రాలేదు.

తనే తీసేసింది. నేను చెప్పకుండానే.

పైన తలుపు తెరుచుకున్న చప్పుడు. అడుగులు. ఇంట్లోకి వెళ్ళిపోయింది.

నేను లేవలేదు. ఉలి, సుత్తి పక్కనే ఉన్నాయి. అరిగిన బోల్టు మీద పెట్టి రెండు దెబ్బలు కొట్టాను. ఊడి వచ్చేసింది. క్లిప్పు చేతిలోకి వచ్చింది. దాని కింద పైపు తుప్పు పట్టి రేకులు రేకులుగా లేచి ఉంది.

గంట పని అనుకున్నాను. రెండు నిమిషాలు పట్టలేదు.

మే 26, సోమవారం

ఇనుము వ్యాపారిని వెనక్కి పంపించేశాను. ఆ పైపు ముక్క కోసి ఉంచాను. ముందు పేజీ తీసి తొమ్మిదిని కొట్టేసి ఎనిమిది అని రాశాను. సాయంత్రం బావమరిది ఇంటికి వెళ్ళి ముక్క ఆ అమ్మాయి చేతిలో పెడతాను. కారులో కూర్చోను.

తను పొద్దున్నే చిన్న సంచి సర్దుకుంది. "మరదలి దగ్గరికి వెళ్తున్నాను. నేను కాదని ముందు నేను చెప్పుకోవాలి. నీకెలా తెలుసు అని అది అడిగితే అప్పుడు నువ్వు వచ్చి చెప్పు," అంది. దింపుతానన్నాను. వద్దంది. ఎప్పుడొస్తావని అడిగాను. చెప్పులు వేసుకుంటూ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నన్ను బాధపెట్టడానికి కాదు. "తెలియదు," అంది.

గుమ్మం దిగి, షెడ్డు పక్కనుంచి వీధిలోకి నడిచింది. వెనక్కి చూడలేదు. తలుపు పక్కన ఏదో ఆనించి ఉందేమిటా అని చూశాను. కర్ర. మర్చిపోయిందనుకుని చేతిలోకి తీసుకుని పరిగెత్తబోయాను.

వీధి మలుపు దగ్గరికి చేరుకుంది అప్పటికే. కుంటడం లేదు.